పదునైదు అడుగుల దూరము

బాస్కెట్ బాల్ ఆటలో అంతయు పరుగే. పదిమంది ఆటగాండ్రు ఒక్క క్షణమైన నిలువక ఈ కొసనుండి ఆ కొసకు ఉరుకుచుందురు. అట్టి ఆటలో ఒక్క ఘట్టమున మాత్రము అందరును నిలిచిపోవుదురు. ఎదుటి జట్టువాడు అక్రమముగా తాకి అడ్డగించినపుడు తీర్పరి ఈల వేసి, అన్యాయమునకు గురియైన ఆటగానిని ఒక గీతయొద్ద నిలిపి, బంతిని చేతికిచ్చును. బుట్ట వెనుకనున్న పలకకు ఆ గీత 15 అడుగుల దూరము. ఇనుపవలయము నేలకు 10 అడుగుల ఎత్తున నుండును. దాని అడ్డుకొలత 18 అంగుళములు. బంతి అందులో సగమునకు ఇంచుక మించును. అడ్డువచ్చువాడు లేడు, చేయి పట్టువాడు లేడు. నిదానముగా గురిచూచి వేయవచ్చును. పడినచో ఒక పాయింటు. దీనిని ఫ్రీ త్రో అందురు.

ఇంతకంటె సులువైన పని ఆ ఆటలో మరియొకటి లేదు. అయినను ఒక చిత్రము కలదు. అమెరికాదేశమున కళాశాలల పురుషుల జట్లు 1965 ప్రాంతమున ఈ ఫ్రీ త్రోలను నూటికి 69 చొప్పున బుట్టలో వేయుచుండెను. 2009లో చూచినను అదే 69. ఆ నడుమ ఆటగాండ్ర ఎత్తు పెరిగినది, బలము పెరిగినది, శిక్షకుల జీతములు పెరిగినవి. కదలని గీతనుండి కదలని బుట్టకు బంతి వేయు నేర్పు మాత్రము నలుబదియేండ్లకు పైగా ఉన్నచోటనే ఉండెను. తరువాతి కాలమున కలిగిన పెరుగుదలయు స్వల్పమే. ఈ మొండిసంఖ్యకు తన సంవత్సరకాలపు శ్రమనంతయు చెల్లించుకొన్న ఒక జట్టు కథను ఇచ్చట చెప్పదలచితిమి. అది 2008 నాటి మెంఫిస్ విశ్వవిద్యాలయపు జట్టు. ముందుగా ఈ ఫ్రీ త్రో పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొందము.

బాస్కెట్ బాల్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.యం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో పుట్టినది. చలికాలమున విద్యార్థులకు ఇంటిలోపల ఆడుకొనుటకు ఒక ఆట కావలసివచ్చి, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పీచుపండ్ల బుట్టలు రెంటిని వ్యాయామశాల వసారా కంచెకు మేకులతో బిగించెను. ఆ కంచె ఎత్తు 10 అడుగులగుటచేతనే నేటికిని బుట్ట ఎత్తు 10 అడుగులు. ఆయన వ్రాసిన నియమములు 13. వానిలో ఫ్రీ త్రో అను మాటయే లేదు. ఒక పక్షమువారు వరుసగా మూడు ఫౌళ్లు చేసినచో ఎదుటివారికి ఒక గోలు లెక్కవేయవలెనని మాత్రము ఉండెను. కొలదియేండ్లకే శిక్షగా ఈ విడి బంతి వచ్చినది. మొదట 20 అడుగుల దూరమునుండి వేయుచుండిరి. పిదప 15కు తగ్గించిరి.

అయితే చాలకాలమువరకు ఫౌలు ఎవరిపై జరిగినను, జట్టులో గురిగలవాడొకడు ముందుకు వచ్చి ఆ బంతి వేయవచ్చును. పెండ్లిపందిరిలో పద్యము చదువుమన్నపుడు గొంతుగలవానిని ముందుకు త్రోసినట్లన్నమాట. 1923–24 నుండి ఆ వెసులుబాటు పోయినది. ఫౌలు ఎవనిపై జరిగినదో వాడే గీతయొద్దకు పోవలెను. గొంతు ఉన్నను లేకున్నను ఎవని పద్యము వాడే చదువవలెను. మా యెరుకలో ఆ ఆట చరిత్రలో ఇంత చిన్నదిగా కనబడుచు ఇంత పెద్ద మార్పు తెచ్చిన నియమము వేరొకటి లేదు. బలహీనతను దాచుకొను చోటు దానితో లేకపోయెను.

ఆ స్ప్రింగ్‌ఫీల్డు విద్యాలయమున చదివిన హారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.యం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అచ్చట తర్ఫీదుపొందిన డ్రిల్లు మాష్టర్లు నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల పాఠశాలలకును వచ్చిరి గనుక, ఈ ఆట మన పాఠకులకు పరాయిది కాదు. నైస్మిత్ మాత్రము 1898లో కాన్సాసు విశ్వవిద్యాలయమునకు పోయి అచ్చటి తొలి జట్టుకు శిక్షకుడయ్యెను. ఆయన శిక్షణలో ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడినది. కాన్సాసు జట్టు శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగా ఉన్నవాడు, ఆ ఆటను కనిపెట్టిన ఆయన ఒక్కడే! ఈ కాన్సాసు పేరు జ్ఞాపకముంచుకొనవలయును.

ఇక మెంఫిస్. మిసిసిపీనది ఒడ్డున టెనెసీ రాష్ట్రమునగల నగరమది. 2007–08 లో అచ్చటి విశ్వవిద్యాలయపు జట్టుకు జాన్ కాలిపారి శిక్షకుడు. ఆ యేడు తుదిపోటీకి చేరునప్పటికి వారు 38 ఆటలు గెలిచి ఒక్కటి మాత్రమే ఓడియుండిరి. వారి ఆటతీరు దూకుడైనది. బంతిని తట్టుచు నేరుగా బుట్టవద్దకే చొచ్చుకొనిపోవుదురు. అడ్డగించువారికి ఫౌలు చేయుటకంటె గత్యంతరముండదు. అందుచే మెంఫిస్ వారికి ఫ్రీ త్రోలు కొల్లలుగా లభించుచుండెను. ఆ ఫ్రీ త్రోలను వారు వేసినది నూటికి సుమారు 61 మాత్రమే. అమెరికాలో ఆ తరగతి పోటీలాడు కళాశాలలు మూడువందలకు పైగా ఉండగా ఈ విషయమున మెంఫిస్ స్థానము దాదాపు అట్టడుగున నుండెను. పంట విరగపండించి గాదెకు తలుపు పెట్టని రైతువంటిది ఆ జట్టు.

ఇది ఎవరికిని తెలియని రహస్యము కాదు. పత్రికలవారు నెలల తరబడి ఇదే ప్రశ్న వేసిరి. అవసరమైన వేళ మా పిల్లలు వేయుదురని శిక్షకుని సమాధానము. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఓడిపోవుచున్నవాడు ఆ మాట అన్నచో నవ్వుదుము. ముప్పదియెనిమిది గెలిచినవాడు అన్నచో ఏమనగలము? ఆ మార్చి నెలలో జాతీయ పోటీల రెండవ ఆటయందు మిసిసిపీ స్టేట్ జట్టుపై ఫ్రీ త్రోలలో సగము కూడ పడక, 77–74 తో చావుతప్పి బయటపడిరి. కాని తరువాత టెక్సాసుపై 36 కు 30, యు.సి.ఎల్.ఎ. పై 23 కు 20 వేసిరి. రెండాటలు కలిపి 59 కి 50! అవసరమైన వేళ వచ్చినది, పిల్లలు వేసిరి. ఇక సందేహింపవలసినది ఏమున్నదని అందరును అనుకొనిరి.

2008 ఏప్రిల్ 7 వ తేదీ. సాన్ ఆంటోనియో నగరమున, ఆలమోడోమ్ అను విశాలమైన క్రీడాభవనమున తుదిపోటీ. ఎదుటివారు కాన్సాసు. రెండు నిమిషముల 12 సెకండ్లు మిగిలియుండగా మెంఫిస్ 60, కాన్సాసు 51. తొమ్మిది పాయింట్ల ఆధిక్యము. ఆ దశలో వెనుకబడిన జట్టునకు మిగులు ఉపాయము ఒక్కటే: కావలెనని ఫౌలు చేసి గడియారమును ఆపి, ఎదుటివాడు ఫ్రీ త్రో తప్పునేమోయని ఎదురుచూచుట. మెంఫిస్ పై ఈ ఉపాయము పారునని ఎవరైనను చెప్పగలరు. కాన్సాసు వారు గబగబ అయిదు పాయింట్లు కూడగట్టుకొని, తరువాత ఆ బాటనే పట్టిరి.

నిమిషముమీద 15 సెకండ్లుండగా మెంఫిస్ ఆటగాడు క్రిస్ డగ్లస్-రాబర్ట్స్ గీతయొద్దకు వచ్చెను. అప్పటి కళాశాలల నియమము ననుసరించి మొదటి బంతి పడిననే రెండవది వేయనిత్తురు. మొదటిది తప్పెను. 16 సెకండ్లపైన కొంచెము మిగిలియుండగా మరల అతడే వచ్చెను. ఈసారి రెండు బంతులు. రెండును తప్పెను. అదృష్టవశమున రెండవ బంతి తిరిగి మెంఫిస్ చేతికే చిక్కినది, 10.8 సెకండ్లుండగా డెరిక్ రోజ్ పై ఫౌలు జరిగినది. అతని మొదటి బంతి తప్పి రెండవది పడెను. చివరి 75 సెకండ్లలో అయిదు బంతులు, నాలుగు తప్పులు. మెంఫిస్ 63, కాన్సాసు 60. ఆ నాలుగింట ఒక్కటి పడినను ఆధిక్యము నాలుగై, మూడు పాయింట్ల బుట్టతో సమము చేయు వీలు కాన్సాసునకు లేకపోయెడిది. షెరాన్ కాలిన్స్ బంతిని తట్టుచు పరుగున వచ్చి, తూలిపోవుచునే మారియో చాల్మర్స్ కు అందించెను. 2.1 సెకండ్లుండగా చాల్మర్స్ దూరమునుండి వేసిన బంతి వలలో దిగినది. 63–63. అదనపు ఆటలో కాన్సాసు 75–68 తో గెలిచి, ఇరువదియేండ్ల తరువాత మరల విజేత అయినది.

ఆ రాత్రి కాన్సాసు 15 ఫ్రీ త్రోలకు 14 వేసెను. మెంఫిస్ 19 కి 12. తప్పినవి ఏడు, ఓడినది ఏడు పాయింట్లతో. ఇంత పొందిక కాకతాళీయమే. దానినుండి ఏమియు నిరూపింపబూనము.

నిరూపింపదగినది వేరొకటున్నది. తప్పిన ఆ ఇద్దరును జట్టులోని చేతగానివారు కారు. ఆ యేడు ఇద్దరును నూటికి డెబ్బదికి పైగా వేయుచుండిరి. మెంఫిస్ లెక్కలో అది ఘనతయే. నూటికి 70 వేయువారు అయిదింట నాలుగైనను తప్పుట, గణితశాస్త్రము ప్రకారము, నూరుమార్లలో మూడుమార్లే సంభవించును. అది వారి దురదృష్టమని ఇచ్చట ఆగిపోవచ్చును. కాని నూటికి 90 వేయువారి విషయమున అదే లెక్క పదివేల మార్లకు అయిదు కూడ కాదు. దురదృష్టము ఏ ఇంటికైనను వచ్చును. ఒక ఇంటి వాకిలి మాత్రము తెరచియుండెను.

ఆ 90 మానవమాత్రునకు అసాధ్యమా? 1993లో కాలిఫోర్నియాలో టామ్ అంబెరీ అను డెబ్బదియొక్క ఏండ్ల పాదవైద్యుడు సుమారు 12 గంటలసేపు నిలిచి వరుసగా 2,750 ఫ్రీ త్రోలు తప్పక వేసెను. మూడేండ్లకు టెడ్ సెయింట్ మార్టిన్ అనునతడు 5,221 వేసి ఆ లెక్కను దాటెను. వీరెవరును జనసమూహము కేకలు వేయుచుండగా, కాళ్లు నొప్పులెత్తిన నలుబదవ నిమిషమున వేసినవారు కారన్నది నిజమే. అయినను చేయి ఒకే విధమున వేయిమార్లు కదలునట్లు నేర్పుట సాధ్యమేనని వారు చూపిరి. సంగీతవిద్యార్థికి సరళీస్వరములు ఎంత విసుగో ఆటగానికి ఫ్రీ త్రో సాధన అంత విసుగు. జనులు చప్పట్లు కొట్టునది ఎగిరి బుట్టలో బంతి దిగగొట్టినపుడు కదా!

విసుగు ఒక్కటియే కాదు, అభిమానమును అడ్డువచ్చును. బంతిని రెండుచేతులతో మోకాళ్లనడుమనుండి పైకి, బిందెతో నీరు చిమ్మినట్లు, మెల్లగా వేయు పద్ధతి యొకటి కలదు. ఆ విధమున వేసిన బంతి మెత్తగా దిగును. వలయమునకు తగిలినను దూరముగా ఎగురదు. రిక్ బారీ యను ప్రసిద్ధ ఆటగాడు జీవితమంతయు అట్లే వేసి, 1980లో ఆట విరమించునాటికి నూటికి దాదాపు 90 నిలుపుకొనెను. కాన్సాసు పూర్వవిద్యార్థియే యైన విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2 న, పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణమున ఒక్క ఆటలో నూరు పాయింట్లు చేసినపుడు, ఫ్రీ త్రోలు ఈ పద్ధతిలోనే 32 కు 28 వేసెను. ఆ యేటి అతని సగటు 61. మన మెంఫిస్ సంఖ్యయే. అతనికి అది జీవితమున ఉత్తమమైనది! అట్టి పద్ధతిని అతడు విడిచిపెట్టెను. ఏడడుగులవాడు ఆడపిల్లవలె బంతి వేయుచున్నాడని నవ్వుదురని తనకు తోచినదని స్వీయచరిత్రలో తానే వ్రాసికొనెను. తరువాత ఒక సంవత్సరమున అతని లెక్క నూటికి 38 కి దిగినది. రిక్ బారీ కుమారుడు కాన్యన్ బారీ, ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున 2016–17 లో తండ్రి పద్ధతినే పాటించి వరుసగా 42 వేసెను. అయినను అతనిని చూచి మార్చుకొన్నవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారే. మంచిదని తెలిసి, ఉచితముగా దొరకుచు, నవ్వుదురను భయమున విడిచిన విద్యలు మన దేశమున మాత్రము తక్కువా!

మెంఫిస్ వారు ఈ చేయిక్రింది పద్ధతి పట్టవలసియుండెనని మా వాదము కాదు. ఒక శీతకాలమున పదిమంది యువకులను అందుకు ఒప్పించుట ఏ శిక్షకునికిని సాధ్యము కాదు. వారి విషయమున మాకు తోచునది వేరు. లోపమున్నదని తెలిసియు, గెలుపులు వచ్చుచున్నంతకాలము దానికి ధర కట్టువారెవరును లేకపోయిరి. ముప్పదియెనిమిది ఆటలలో ఆ లోపమునకు పది పాయింట్లో, పదునైదు పాయింట్లో మీద మిగులుండెను. ముప్పదితొమ్మిదవ గెలుపునకు మూడు పాయింట్లే మిగిలెను.

అటుపిమ్మట జరిగినది క్లుప్తముగా చెప్పవచ్చును. 2009లో జాతీయ కళాశాలల క్రీడాసంఘమువారు, ఒక ఆటగాని ప్రవేశపరీక్ష ఫలితము పరీక్షాసంస్థచే రద్దయినదను కారణమున, మెంఫిస్ ఆ సంవత్సరపు 38 విజయములను లెక్కనుండి కొట్టివేసిరి. ఆ యేడే కాలిపారి కెంటకీ విశ్వవిద్యాలయమునకు వెడలిపోయెను. 2012 ఏప్రిల్ లో న్యూ ఆర్లియన్స్ నగరమున అతడు మరల తుదిపోటీకి వచ్చెను. ఎదుటివారు మరల కాన్సాసు. కెంటకీ 67–59 తో గెలిచినది. ఆ యేడు కెంటకీ జట్టు ఫ్రీ త్రోల లెక్క నూటికి డెబ్బదికి పైన నుండెను.