పేర్లూ – ప్రజలూ – సినిమా

మన విద్యావంతులలో ఒక పరిహాసం చాలాకాలంగా చలామణీ అవుతున్నది. కూలివాడు తన బిడ్డకు సినిమా తార పేరు పెట్టుకుంటే వారికి నవ్వు వస్తుంది. మొన్న దేవుడి పేరు పెట్టాడు, నిన్న హీరో పేరు పెట్టాడు, రేపు సబ్బు పేరు పెడతాడు అంటారు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం కూడా ఈ పరిహాసంలో పాలుపంచుకుంటూనే ఉన్నాం. కాకపోతే మనం దానికి "పెట్టుబడిదారీ సంస్కృతి ప్రభావం" అని గంభీరమైన పేరొకటి తగిలిస్తాం. ప్రభావం ఉన్నమాట నిజమే. ఐతే అది ఎవరిమీద, ఏ అవసరాన్ని ఆసరా చేసుకుని పనిచేసిందో చూడకుండా కొట్టిపారేసినందువల్ల మనకు తెలిసేదేమీ లేదు.

నేను సంగారెడ్డి ప్రాంతంలో తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ని. హాజరుపట్టీలో విద్యార్థి పేరు ఒక గడిలోనూ, తండ్రి పేరు పక్క గడిలోనూ ఉంటాయి. మహేశ్, తండ్రి మల్లయ్య. స్రవంతి, తండ్రి సాయిలు. మణికంఠ, తండ్రి రమేశ్. ఈ రెండు గడుల మధ్య ఉన్న గీత బహు సన్ననిది. కాని దానికి ఇవతల పొలం ఉన్నది, అవతల కంపెనీ ఉన్నది.

మంజీర ఒడ్డున పాత పేర్లన్నీ దగ్గరి గుడినుండి వచ్చినవే. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని పేర సంగయ్య, సంగమ్మ. కొమురవెల్లి మల్లన్న పేర మల్లయ్య, కొమురయ్య. యాదగిరి నరసింహుని పేర యాదయ్య, నర్సింలు. ఊరి పొలిమేరలోని గ్రామదేవతల పేర ఎల్లయ్య, పోచయ్య. దర్గాలకు మొక్కుకున్న హిందువులూ ఉన్నారు. నల్లగొండ వైపు ఇంటింటా వినిపించే సైదులు అన్న పేరు జాన్‌పహాడ్ దర్గా ఇచ్చినదే. ఈ దేవుళ్లను జనం పురాణాలు చదివి ఎరగలేదు. ఒగ్గువాళ్లు రాత్రంతా మల్లన్న కథ చెబుతారు, బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథ పాడతారు. డప్పు, డోలు, వేషం, కన్నీళ్లు, అన్నీ అక్కడ ఉన్నాయి. జాతర అయిపోయాక పుట్టిన పిల్లవాడు మల్లయ్య అవుతాడు. జనం చూసి మెచ్చిన కథానాయకుడి పేరు బిడ్డకు పెట్టుకోవటమనేది సినిమాతో మొదలైన వింత ఎంతమాత్రమూ కాదు.

ఐతే పేరు పెట్టటం వేరు, ఆ పేరుతో పిలవబడటం వేరు. నైజాం కాలపు గ్రామాలలో పేరు పెట్టే హక్కు తల్లిదండ్రులది. పిలిచే హక్కు దొరది. మల్లయ్య గడీ ముందుకు వచ్చేసరికి మల్లిగాడు, ఎల్లమ్మ వెట్టికి వచ్చేసరికి ఎల్లి. ఆ పేర్లలోని మర్యాద అంతా "అయ్య", "అమ్మ" అన్న తోకలోనే ఉన్నది. కత్తిరింపు సరిగ్గా అక్కడే పడేది. మన జిల్లా కేంద్రానికి సంగారెడ్డి అన్న పేరు మెతుకుసీమ నేలిన రాణి శంకరమ్మ కొడుకు సంగన్న వల్ల వచ్చిందని చెబుతారు. ఒకే సంగమేశ్వరుడు ఒక సంగన్న పేర ఊరు వెలిసేటట్టు చేశాడు, ఇంకొక సంగన్నను సంగిగాణ్ణి చేశాడు. దేవుడి తప్పేమీ లేదు. భూమి ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న.

ఈ కత్తిరింపుకు లొంగని పేరు కావాలన్న తపన సినిమాకంటే పాతది. హైదరాబాదులో దళితోద్యమానికి దారి తీసిన భాగ్యరెడ్డివర్మ (1888–1939) పుట్టినప్పుడు మాదరి భాగయ్య. ఆయన తన పేరుతోనే ఆగక, తన ప్రజల పేరునే మార్చబూనుకొన్నాడు. 1931 జనాభా లెక్కలలో నైజాం ప్రభుత్వం వారిని "ఆదిహిందువులు"గా నమోదు చేయటం ఆ కృషి ఫలితమే. మెదకులో మిషనరీలు చేసిన పని మరొక విధమైనది. కరువురోజుల్లో జనం కూటికోసం రాళ్లు మోసి కట్టిన మహాదేవాలయం 1924లో తలుపులు తెరిచింది. మతం మారిన కుటుంబాలలో దేవదాసు, సత్యానందం, శాంతమ్మ, జాన్ వంటి పేర్లు కనిపించసాగాయి. దేవునికి దాసుడైనవాడు మనిషికి దాసుడు కాడన్న ఆశ ఆ పేరులో ఉన్నది. పాపం, 1953లో నాగేశ్వరరావుగారి దేవదాసు సీసా పట్టుకుని తెరమీదికి వచ్చి ఈ పేరు అర్థమే మార్చివేశాడు.

ఇక కంపెనీలు వచ్చాయి. 1960లలో చెకోస్లొవేకియా సహాయంతో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, ఆ దశాబ్దంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తరువాత బొల్లారం, పాశమైలారం. 1980లో ఇందిరాగాంధీ మెదకు నుండి లోక్‌సభకు ఎన్నికైంది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం కూడా ఆ దశాబ్దపుదే. జొన్నచేనులో ఉన్న కుటుంబం టైమ్ ఆఫీసు ముందు వరుసలో నిలబడింది. అక్కడ పేరు కాగితంమీద ఎక్కాలి, కార్డుమీద ఎక్కాలి, తెలియని మనిషి దానిని గట్టిగా చదవాలి. ఊళ్లో ఇంటిపేరూ కులమూ అందరికీ ముందే తెలుసు. ఇక్కడ పేరొక్కటే మనిషికంటే ముందు నడుస్తుంది.

అప్పుడు జరిగిన మార్పు భాషా విద్యార్థులకు ఎంతో ఆసక్తికరమైనది. మల్లయ్య కొడుకు మల్లేశ్ అయ్యాడు. రాజయ్య కొడుకు రాజేశ్, సంగయ్య కొడుకు సంగమేశ్, గంగయ్య కొడుకు గంగాధర్, ఎల్లమ్మ బిడ్డ రేణుక. చాలాచోట్ల ఈ మార్పు చేసినవాడు తండ్రి కాడు, బడిపంతులు. ప్రవేశం రాసేటప్పుడు "మంచిగా ఉంటది" అని తానే దిద్దాడు. తెలుగు అజంత భాష అని మనం గర్వపడతాం. మాట చివర అచ్చు ఉండి తీరాలి. రాములు, సాయిలు, నర్సింలు అన్న పేర్లలో మన డుమువుల విభక్తి సజీవంగా ఉన్నది. రాజేశ్, మహేశ్, సురేశ్ వచ్చేసరికి చివర పొల్లు మిగిలింది. ఇది హిందీ ఉచ్చారణ, దీనిని మోసుకొచ్చిన ముఖ్యవాహనం బొంబాయి సినిమా. హైదరాబాదు చుట్టుపక్కల ఉర్దూ పరిచయం వల్ల హిందీ చిత్రాలు జనానికి మొదటినుండీ దగ్గర. 1969లో "ఆరాధన" వచ్చాక రాజేశ్ ఖన్నా పేరు ఎరగని పట్నం లేదు. మల్లేశ్ అన్న పేరును చూడండి: అందులో తాత మొక్కిన మల్లన్న ఉన్నాడు, మనుమడు చూసిన సినిమా ఉన్నది. ఆ పేరు పెట్టినవాడు దేవుణ్ణి విడిచిపెట్టలేదు. "అయ్య"ను మాత్రం తానే తీసేశాడు, ఇంకొకడు తీసేయకముందే.

తార పేరే పెట్టుకోవటం దీని తరువాతి మెట్టు. దీనికి మన పాత మెదకు జిల్లాలోనే అందరెరిగిన దృష్టాంతం ఉన్నది. 1976లో సిద్దిపేటలో పుట్టిన కుమారునికి కె. చంద్రశేఖరరావుగారు ఎన్.టి. రామారావుగారిమీది అభిమానంతో తారక రామారావు అని పేరు పెట్టారు. అప్పటికి ఎన్.టి.ఆర్. పార్టీ పెట్టలేదు; అది 1982 మాట. కనుక ఆ అభిమానం తెరమీది రాముడిదీ కృష్ణుడిదీను. ఇంకొక చమత్కారం ఏమంటే, జనం ఇంత మక్కువతో తెచ్చుకొనే తారల పేర్లు ఆ తారలకు పుట్టుకతో వచ్చినవి కావు. చిరంజీవి అసలు పేరు శివశంకర వరప్రసాద్. జయప్రద లలితారాణి, జయసుధ సుజాత, రాజేశ్ ఖన్నా జతిన్. బజారుకోసం తయారైన పేరు కుటుంబంలోకి వచ్చి ముద్దుపేరైంది. క్రికెట్ సంగతీ ఇంతే. మన వీధుల్లోని సచిన్‌లకు పేరిచ్చిన టెండూల్కర్‌కు సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ పేరు పెట్టారు. "ఆరాధన"కు సంగీతం కూర్చినది ఆయనే కదా!

మనం ఇందుకు అతీతులమని భావించనక్కరలేదు. గోరాగారు ఉప్పు సత్యాగ్రహపు 1930లో పుట్టిన కొడుక్కు లవణం అనీ, యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుక్కు సమరం అనీ పేర్లు పెట్టారు. కరుణానిధిగారి కుమారుడు 1953 మార్చి 1న పుట్టాడు. నాలుగు రోజులకు మాస్కోలో స్టాలిన్ కన్నుమూశాడు. మద్రాసులో పసివాడికి ఆ పేరు నిలిచింది. మన సంఘ మిత్రుల ఇళ్లలో లెనిన్‌లు, బోసులు, శరత్‌లు ఎందరు లేరు? శరత్‌బాబు నవల చదివి పేరు పెట్టినవాడు సంస్కారి, చిరంజీవి సినిమా చూసి పేరు పెట్టినవాడు అజ్ఞాని అనటానికి నాకు శాస్త్రీయమైన ఆధారమేదీ కనిపించలేదు.

ఇక్కడొక విషయం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. పేర్లను మార్చటంలో సినిమా దేవుళ్లను వెళ్లగొట్టలేదు, దేవుళ్లను మార్చింది. 1975లో "జై సంతోషీ మా" వచ్చేదాకా ఆ దేవత దేశంలో ఎందరికో తెలియదు. తరువాత సంతోషి, సంతోష్ అన్న పేర్లు తెలుగునాట కూడా సర్వసాధారణమైనాయి. 1986లో విజయచందర్ షిర్డీ సాయిబాబాగా నటించిన చిత్రం వచ్చింది. పుట్టపర్తి ప్రభావం సరేసరి. సాయికుమార్, సాయికిరణ్, సాయితేజ అంటూ ప్రతి పేరుకూ ముందొక సాయి చేరాడు. 1989లో అయ్యప్పస్వామి మీద సినిమా. అంతకుమించి పనిచేసినది దీక్ష. మణికంఠలు ఈ దీక్షనుండి వచ్చినవారే.

మన విమర్శకులు దీనిని మూఢభక్తి అని ఒక్కమాటతో తేల్చివేస్తారు. కాని పటాన్‌చెరులో కార్తికమాసం తరువాత ఏదైనా కంపెనీ గేటు దగ్గర కాసేపు నిలబడి వినండి. నల్లబట్టలు కట్టుకున్న కాంట్రాక్టు కూలీని సూపర్‌వైజరు "స్వామీ" అని పిలుస్తాడు. పిలిచి తీరాలి, అది నియమం. ఏడాది పొడుగునా "అరేయ్" అన్న నోటితోనే నలభైయొక్క రోజులు "స్వామీ" అనాలి. ఆ నలభైయొక్క రోజుల మర్యాదను కొడుకు పేరులో ఏడాదంతా నిలుపుకోవాలని ఆ మనిషి అనుకున్నాడంటే అది భక్తి మాత్రమేనా? (ఆ మర్యాద అతని భార్యకు లేదన్నది వేరే వ్యాసం రాయదగిన విషయం.) ఒకప్పుడు సంఘం పెట్టుకున్న కర్మాగారాలలో "కామ్రేడ్" అనే పిలుపు ఈ పనే చేసింది. కాంట్రాక్టు పద్ధతి సంఘాన్ని గేటు బయట నిలబెట్టినచోట ఆ పిలుపు లేదు; మాల ఉన్నది.

అయితే సినిమా పేరు సాధించినదెంత? కొంత సాధించింది, దానిని తక్కువచేయరాదు. మాదిగ ఇంట్లోనూ రెడ్డిగారింట్లోనూ మహేశ్ పుట్టాడు. మల్లయ్య, పోచయ్య అనగానే వాడను పసిగట్టేవాళ్లకు మహేశ్ అంటే ఏమీ తెలియదు. తెలుగునాట వేరెక్కడా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోనివ్వని కులం పేరులో కూర్చోనిచ్చింది. కాని వెంటనే తోక చూడటం నేర్చుకున్నది: ఒకడు మహేశ్ రెడ్డి, ఇంకొకడు ఉత్త మహేశ్. "గాడు" కూడా చావలేదు. మహేశ్‌గా, సురేశ్‌గా అని పిలవటానికి పొల్లు అడ్డం రాలేదు. అది పేరులో ఉండే గుణం కాదు, పిలిచేవాడి చేతిలో ఉన్న అధికారం. కూలిరేటు ఎవరు నిర్ణయిస్తారో వారే పిలుపునూ నిర్ణయిస్తున్నారు.

ఇటీవలి పోకడ దీనికి ఎదురుతిరిగింది. 2004లో "ఆర్య", 2006లో "బొమ్మరిల్లు" వచ్చినప్పుడు ఆర్య, హాసిని అన్న పేర్లు వాడవాడలా వినిపించాయి; అవి పలకటానికి తేలిక, ఎవరైనా తెచ్చుకోవచ్చు. ఇప్పుడు తెరమీది పాత్ర పేరుకంటే తార తన బిడ్డకు ఏ పేరు పెట్టుకున్నాడన్నదే వార్త. ఆ పేర్లు సహస్రనామాలనుండి వెతికి తీసినవి. వాటిని చూసి అద్విక్, రేయాంశ్ అంటూ పసివాళ్లకు పేర్లు పెడుతున్నారు, సంఖ్యాశాస్త్రజ్ఞుడు డబ్బు తీసుకుని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం పెంచుతున్నాడు. అమ్మమ్మకు నోరు తిరగదు. నామకరణం మళ్లీ సంస్కృతం తెలిసినవాడి చేతిలోకి పోతున్నది. ఈసారి దక్షిణతోపాటు ఫీజు కూడా.

ఇవన్నీ నేను హాజరుపట్టీలూ చుట్టుపక్కల పేర్లూ చూసి చెబుతున్న మాటలు. వీటిని నిగ్గుతేల్చటానికి సాధనం మనకు దగ్గరలోనే ఉన్నది. పటాన్‌చెరు, సదాశివపేట, జోగిపేట వంటి ఊళ్లలో పాత ప్రభుత్వ బడుల ప్రవేశ రిజిస్టర్లు బీరువాలలో చెదలకు ఆహారమవుతున్నాయి. విద్యార్థులు సెలవులలో ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసుకుని, ఒక్కొక్క దశాబ్దానికి ఒక్కొక్క ఏడాది చొప్పున ఎత్తిరాయవచ్చు. పేరుతోపాటు తండ్రి పేరు, తండ్రి వృత్తి, కులం రాయాలి. పేరు కొట్టివేసి మరొక సిరాతో దిద్దినచోట ఆ రెండు పేర్లూ రాయాలి.