కుంపటి మీద పుట్టే మెరుపు

మార్చి నెలలో మన నగరానికి రెండు పుట్టినరోజులు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 2024 మార్చిలో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. విమానాశ్రయం గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం గాజుల గురించి, అందులోనూ వాటి నిగారింపు గురించి రాయాలనుంది.

లక్క మనకు పాత చుట్టం. పాండవుల లక్క ఇంటి కథ వినని తెలుగువారుండరు. 1591లో చార్మినార్ లేచింది. దానికి పడమటి వైపు వీధి లాడ్‌బజార్ గాజులకు పేరుపడింది. కుతుబ్‌షాహీలు పోయారు, నిజాములు వచ్చారు, వాళ్లూ వెళ్లారు. గాజుల దుకాణాలు ఉన్నాయి.

మోదుగ, రేగు కొమ్మల మీద ఒక చిన్న పురుగు స్రవించే బంకే లక్క. దాన్ని కరిగించి, పొడి కలిపి, కుంపటి సెగ మీద సాగదీస్తారు. వేడి ఆరకముందే రంగు లక్క కణికను దాని మీద రుద్దుతారు. అది పల్చగా పరుచుకుని చల్లారగానే నిగనిగలాడుతుంది. విడిగా వార్నిష్ వేయరు; రంగూ, రక్షణా, మెరుపూ అన్నీ ఆ పొరే. ఏటికొప్పాక లక్కబొమ్మల పనిలో తిరిగే కొయ్య రాపిడికి లక్క కరుగుతుంది, మొగలాకు దానికి నునుపు తెస్తుంది. లాడ్‌బజార్‌లో సెగ పట్టడం తెలిసిన చేయి ఆ పని చేస్తుంది. రాళ్లు పొదిగేదీ ఆ సెగ మీదే. సెగ తగ్గితే రాయి పట్టదు, ఎక్కువైతే గాజు వంకరపోతుంది.

ఈ లక్క కథలో నాకు ప్రాణమైన ఘట్టం గ్రామఫోన్ కాలం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడితే, ఆ పాటను జర్మనీలోని హానోవర్‌లో రికార్డులుగా అచ్చుపోశారు. ఆ నల్లటి పళ్లేల్లో ఉన్నదీ లక్కే, రాతిపొడితో కలిపి. అప్పట్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. పాట వినే ఇల్లాలి చేతి గాజూ, పాడే రికార్డూ ఒకే పురుగు పెట్టిన భిక్ష. వినైల్ వచ్చాక రికార్డులు లక్కను వదిలేశాయి. గాజులు వదల్లేదు.

ఆ తర్వాతి కథ ఇంత సాఫీగా లేదు. ప్లాస్టిక్ గాజులు వచ్చాయి, చూపుకి అచ్చం లక్కలాగే ఉంటాయి. సీసాలో దొరికే రెజిన్ పూత సెగ లేకుండానే అద్దంలా మెరుస్తుంది. లక్క మాత్రం స్పిరిట్‌కు కరుగుతుంది కనుక, గాజుల మీద అత్తరూ శానిటైజరూ పడనివ్వకూడదు. ఎండలో కారులో వదిలేసినా మెత్తబడుతుంది. శంషాబాద్‌లో విమానమెక్కి అత్తారింటికి వెళ్లే పెళ్లికూతురికి ఈ జాగ్రత్తలు చెప్పాల్సిందే. రెజిన్‌కు ఇవేవీ అక్కర్లేదు, నిజమే. కానీ గట్టిపడ్డ రెజిన్ మళ్లీ కరగదు. లక్కగాజు విరిగితే సెగ చూపించి అతకవచ్చు.