తుపాకీ గొట్టంపై జౌహర్

పాత తుపాకీ కనబడగానే మనవారు అడిగే మొదటి మాట, "ఇది ఏ నవాబుగారిదండీ?" అని. మేమైతే ముందు గొట్టం ఏ లోహమో చూడమంటాము. పేరు ఎవరైనా చెక్కించవచ్చు గదా!

మన దేశపు తోడేదార్ బందూకులలో, అనగా వత్తి నిప్పుతో పేలే తుపాకులలో, కొన్నింటి గొట్టాలపై నీటి అలలవంటి గీతలుంటాయి. ఉర్దూలో వీటిని జౌహర్ అంటారు. మనిషిలోని సత్తాకూ ఇదే మాట.

ఈ గీతలు పుట్టే తీరు ఒక్కటి కాదు. ఉక్కును మట్టి మూసలో కరిగించి నెమ్మదిగా చల్లారిస్తే బొగ్గు అంశ పొరలు పొరలుగా చేరి, అల లోహంలోనే పుడుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇటువంటి ఉక్కు తయారయ్యేది. దానిని కొనడానికి ఇరాన్ వర్తకులు అంతదూరం వచ్చేవారని 1832లో అచ్చయిన వాయిసీ దొర వర్ణన చెబుతున్నది. రెండవది, ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి మెలివేసి, కడ్డీకి చుట్టి, ఎర్రగా కాల్చి సమ్మెటతో అతికినది. దాని గీతలు చాప అల్లికలాగా ఒకే వరుసలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. బజారులో రెంటినీ డమాస్కస్ అనే అమ్ముతారు. 19వ శతాబ్దంలో ఐరోపా చౌక తుపాకులపై ఉత్త ఇనుము మీద ఆమ్లంతో గీసిన దొంగ జౌహర్ కూడా కద్దు. కొయ్య విప్పి గొట్టం అడుగు చూడండి. దొంగ గీత తరచు అక్కడ కనబడదు.

ఇక పైమెరుగు. కోఫ్త్‌గరీ అంటే ఇనుముపై సన్నని గాట్లు పెట్టి బంగారు తీగను కొట్టి కూర్చడం. కోఫ్త్ అంటే ఫార్సీలో కొట్టుట. మన వంటింటి కోఫ్తా కూడా ఆ వంశమే! అది గోకితే పోతుంది, తిరిగి రాదు. గోధుమరంగు పొరంతా తుప్పే అనుకోకండి. కావాలనే తుప్పు పట్టించి, రుద్ది నిలిపిన రంగు అది కావచ్చు. నీలిరంగు కూడా ఇనుముకు తెప్పించిన మెరుగే. ఇదేమీ చూడకుండా పండుగకు ముందు ఉప్పుకాగితం పట్టి, స్టీలు గ్లాసులా మెరిపించిన గొట్టాలు మేము చూచియున్నాము. ఉక్కు జౌహర్‌నైతే తెలిసిన పనివాడు ఆమ్లంతో మళ్ళీ తేగలడు. బంగారాన్ని ఎక్కడినుంచి తెస్తాడు?

మరొకటి. ముట్టుకునే ముందు తెలిసినవారిచేత గొట్టంలో కర్ర దించి లోతు కొలిపించండి. తడి తగలని పాత నల్ల తుపాకిమందు ఎన్నేళ్ళైనా పేలుతుంది.