రెండో మంచి దారి: బొగ్గు రైళ్ల లెక్కలో నాలుగు కొలతల ఆకారం

ఈసారి చరిత్ర పోస్టు రాజుల గురించి కాదు, ఒక ఆకారం గురించి. కొంచెం పెద్దగున్నది, ఓపికగా చదవండి.

గోదావరిఖని హాస్టళ్లల్ల ఉండేటోళ్లం మనం రోజూ బొగ్గు రైళ్లు చూస్తం. ఏ బాయి నుంచి ఏ కరెంటు ప్లాంటుకు ఎన్ని రైళ్లు పోవాలె? ఊరికే చిన్న లెక్క అనుకుందాం. రెండు బాయిలు: ఒకదాంట్ల 10 రైళ్ల బొగ్గు, ఇంకోదాంట్ల 6. రెండు ప్లాంట్లు: ఒక్కోదానికి 8 కావాలె. మొదటి బాయి నుంచి మొదటి ప్లాంటుకు ఎన్నో తేలిస్తే చాలు, మిగతా మూడు అంకెలు వాటంతట అవే తేలుతయి. రెండో బాయిల ఉన్నవే 6 గనుక ఆ అంకె 2 కు తగ్గొద్దు. ప్లాంటుకు కావాల్సినవే 8 గనుక 8 దాటొద్దు. అంటే మనకున్న దారులన్నీ కలిపితే ఒక గీత ముక్క. గీత మీద ఒక దిక్కు నడిస్తే ఖర్చు పెరుగుతది, ఇంకో దిక్కు తగ్గుతది. అందుకే అతి తక్కువ ఖర్చు గీత కొసకు దొరుకుతది.

ఇప్పుడు మూడు బాయిలు, మూడు ప్లాంట్లు పెట్టండి. 9 అంకెలు, 6 షరతులు. అందులో ఒకటి మిగతా ఐదింటి నుంచే వస్తది, కాబట్టి 9 లో 5 పోతే 4. నాలుగు కొలతల ఆకారం! కాగితం మీద గీయలేం, కండ్లతోని చూడలేం, కానీ లెక్కల ఉన్నది.

ఇట్లాంటి ఆకారాన్ని పాలీటోప్ అంటరు. దాని గుణం కుంభాకారం. లోపల ఏ రెండు చుక్కలు పెట్టి కలిపినా గీత బయటికి పోదు. జల్లెడ కుంభాకారం, కొడవలి కాదు.

ఈ లెక్కల పుట్టుక కూడా పని జాగలనే. 1938 ల లెనిన్‌గ్రాడ్‌ల కాంటొరోవిచ్ అనే గణితవేత్తకు ఇది ప్లైవుడ్ ఫ్యాక్టరీ సమస్యగా ఎదురైంది. 1941 ల హిచ్‌కాక్ అచ్చంగా మన రైళ్ల లెక్క లాంటిదే రాసిండు. 1947 ల అమెరికా వైమానిక దళం పనిల ఉన్న డాంట్జిగ్, పాలీటోప్ మూల నుంచి మూలకు నడిచే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిండు. చాలా లెక్కల్ల అది తొందరగానే తేలుతది. కానీ 1972 ల క్లీ, మింటీ ఇద్దరు కలిసి, ఆ పద్ధతి అన్ని మూలలూ తిరిగి గానీ ఆగని వంకర ఘనాన్ని తయారు చేసి చూపెట్టిన్రు.

మాకు నచ్చిన మనిషి మాత్రం కట్టా గోపాలకృష్ణ మూర్తి గారు. కట్టా అంటే మన తెలుగు ఇంటిపేరే. 1963 ల ముగ్గురితో కలిసి, అన్ని ఊర్లూ తిరిగి వచ్చే సేల్స్‌మన్ సమస్య మీద ఆయన రాసిన పేపర్‌తోనే 'బ్రాంచ్ అండ్ బౌండ్' అనే మాట వాడుకలోకి వచ్చింది. ఆ పేపర్ మీద ఆయన చిరునామా కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. తర్వాత మిషిగన్ యూనివర్సిటీల ప్రొఫెసర్ అయిండు.

1968 ల ఆయన అడిగిన ప్రశ్న వేరే. మనుషులకు పనులు పంచుతున్నం, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ముగ్గురైతే 6 మూలలు, పదిమందైతే 36,28,800. అందరూ అన్నిటికన్న మంచి మూలనే వెతుకుతరు. మరి రెండో మంచిది ఏది? మూడోది? ముగ్గురి లెక్కనే చూద్దాం. మంచి జవాబుల రాముకు మొదటి పని, సోముకు రెండోది, లచ్చుకు మూడోది వచ్చినయి అనుకోండి. వేరే ఏ జవాబైనా ఇందుల ఒక్క జంటనన్నా విడగొట్టాలె కదా. కాబట్టి మిగిలినవాటిని ముక్కలు చేస్తడు. ఒక ముక్కల రాముకు మొదటి పని ఇయ్యొద్దు. ఇంకో ముక్కల రాముకు మొదటి పని ఇచ్చి, సోముకు రెండోది ఇయ్యొద్దు. ఇద్దరి పనులూ అట్లనే ఉంచితే లచ్చుకు మిగిలేది మూడోదే, ఇంక కొత్త జవాబు లేదు. ఆ రెండు ముక్కల్ల మంచివి తీసి, అందుల తక్కువ ఖర్చుది పట్టుకుంటే అదే రెండో మంచి దారి. ఆరు మూలలూ తిరగనక్కర లేదు.

ఇది మనకెందుకంటే, ఊరు లేపేటప్పుడు మనోళ్లు ఎక్కువగా వినే మాట 'ఇదొక్కటే దారి'. మూర్తి గారి లెక్క తెలిసినోడు వెంటనే అడుగుతడు: రెండోది ఎంత? ఖర్చుల తేడా ఎంత? తేడా కొంచెమే అయితే, ఊరి మీదుగా పోయే మొదటి దారి ఎవరి కోసం?

ఇంకోటి. పాలీటోప్ గోడలు షరతులతోనే లేస్తయి. మన 1/70 చట్టం అట్లాంటి ఒక గోడ. షెడ్యూల్డ్ ప్రాంతంల భూమి గిరిజనేతరులకు పోవద్దు అన్నది. ఆ గోడ ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకిచ్చే మైనింగ్ లీజులకూ అడ్డమే అని 1997 ల సమతా తీర్పుల సుప్రీంకోర్టు చెప్పింది. దేవర గుట్ట, శ్మశానం, ఇప్ప చెట్లు షరతుగా రాయకపోతే లెక్కకు అవి లేనట్టే. కంప్యూటర్‌ది తప్పు కాదు, దానికి ఎవరూ చెప్పలే. రాసే కుర్చీల మనోళ్లు ఎంతమంది?

డిగ్రీల ఆపరేషన్స్ రీసెర్చ్ ఉన్నోళ్లు రవాణా లెక్కలు బట్టీ కొట్టకండి, రెండు బాయిల లెక్కతో మొదలు పెట్టి గీత గీసి చూడండి. లీనియర్ కాంప్లిమెంటారిటీ మీద మూర్తి గారి పెద్ద పుస్తకం నెట్‌ల ఉచితంగా దొరుకుతది. ఇంగ్లీషు గట్టిగానే ఉంటది. మేం ఆదివారాలు కూసొని చదువుదాం అనుకుంటున్నం, వచ్చేటోళ్లు చెప్పండి.