ఉత్కళదేశమున గవ్వల నాణెము

“చేతిలో చిల్లిగవ్వ లేదు” అని మనము నేటికిని అనుచుందుము. గవ్వ ద్రవ్యముగా చెల్లిన దినములు మనకు ఈ నానుడిలోను, అష్టాచెమ్మ ఆటలోను మాత్రమే మిగిలినవి. కాని గంజామునకు ఉత్తరమున నున్న ఉత్కళమున 19వ శతాబ్ది తొలినాళ్లలో సామాన్యుని బేరసారములును, భూమిశిస్తును చాలవఱకు గవ్వలతోనే నడచెను.

ఈ గవ్వలు మాల్దీవులనుండి ఓడలలో బాలేశ్వరపు రేవునకు వచ్చుచుండెను. నాలుగు గవ్వలు ఒక గండ. ఇరువది గండలు ఒక పణము. పదునాఱు పణములు ఒక కాహాణము. నాలుగు కాహాణములు, అనగా 5120 గవ్వలు, ఒక రూపాయికి సమానమని లెక్క.

1803లో కర్నల్ హార్కోర్టు సేన గంజాము నుండియే బయలుదేరి, అక్టోబరు నెలలో కటకమును పట్టుకొనెను. పిమ్మట కంపెనీవారు శిస్తును వెండి రూపాయలలోనే చెల్లింపవలెనని పట్టుపట్టిరి. చిక్కంతయు ఇచ్చట పుట్టినది. వెండిలో రాగి కలిపి నాణెమును చెఱచిన రాజులను చరిత్రకారులు నిందింతురు; గవ్వలో కలుపుటకేమి కలదు? అది అరుగలేదు, మాఱలేదు. అయినను ప్రభుత్వపు ఖజానా దానిని కాదన్నంతనే దాని గిరాకి సన్నగిల్లెను. శిస్తు రూపమున పోయిన వెండియో, కలకత్తా చేరి తిరిగి రాకుండెను. గవ్వలు ఊరిలో నిలిచినవి, వెండి వెడలిపోయినది. రూపాయికి నాలుగు కాహాణములను మారకము ఆఱు ఏడు కాహాణములకు ఎక్కెను.

నూఱు రూపాయల శిస్తు గల వాని సంగతి చూడుడు. మునుపు 400 కాహాణములతో తీఱెడి బాకీకి ఇప్పుడు 600, ఒక్కొక్కప్పుడు 700 కావలసెను. ధాన్యపు ధరయు గవ్వలలో అంతే వేగముగా పెరిగియున్నచో నష్టము స్వల్పమయ్యెడిది. గడువునాటికి అందఱును ఒక్కమాఱే షరాబు వాకిట నిలువవలసి వచ్చినందున, బేరము షరాబుదే అయ్యెనని నా తలంపు. శిస్తు కట్టలేనివారి భూములు వేలమునకు వచ్చెను. వానిని కలకత్తా ధనికులు కొనిరి.

1817 మార్చిలో ఖుర్దా పైకులు తిరుగబడిరి. దీనికంతకును గవ్వయే హేతువనుట సరికాదు. పైకుల జాగీర్లు పోవుట, ఉప్పు ధర పెరుగుట అంతకన్న తక్కువ బాధలు కావు. వారి నాయకుడు బక్షి జగబంధు తన రొడంగ భూమిని 1814లో కోల్పోయినది మారకపు చిక్కుచే గాక, మోసముచేత. అయినను తరువాత విచారణ జరిపిన వాల్టరు యూయరు కారణములలో గవ్వల విలువ పడిపోవుటను గూడ చేర్చెను.

ఆ తిరుగుబాటున ఘుంసరము నుండి దాదాపు 400 మంది ఖోండులు బాణపురమునకు దిగివచ్చి పైకులతో కలిసిరి. ఘుంసరము అప్పటికి మద్రాసు రాజధానిలోని గంజాము ప్రాంతము. 1936లో గాని ఒరిస్సాలో చేరలేదు.