బినే కొలబద్ద - వెనుకబడిన బిడ్డలు

1882లో ఫ్రాన్సు దేశమున ఆరు మొదలు పదమూడేండ్ల వరకు బాలబాలికలందరికీ చదువు నిర్బంధమైనది. అంతవరకు బడి గడప తొక్కని పిల్లలు కూడ తరగతులలోనికి వచ్చినారు. వారిలో కొందరికి పాఠములు అంటలేదు. వారినేమి చేయవలెను? ఈ ప్రశ్న ఇరువదేండ్లకు పైగా నానినది. 1904లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. పరీక్షింపకుండ ఏ బిడ్డనూ మామూలు బడినుండి తీసి ప్రత్యేక తరగతిలో వేయరాదని సంఘము తీర్మానించినది. మంచి మాటయే. కాని పరీక్ష ఎట్లు చేయవలెనో చెప్పలేదు.

ఆ లోటు తీర్చినవాడు సంఘసభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. ఉపాధ్యాయుని మాటయే ఆధారమైనచో అల్లరివానిని వదిలించుకొనుటకు కూడ అది సాకు కావచ్చునని ఆయన శంక. (మన బడులెరిగిన వారికి ఈ శంక వింతగా తోచదు.) థియొడోర్ సిమోన్ అను వైద్యునితో కలసి 1905లో ఆయన 30 మెట్ల కొలబద్దను తయారుచేసినాడు. వెలిగించిన అగ్గిపుల్లను కదిపినచో బిడ్డ చూపు దాని వెంట పోవునా? ఇది మొదటి మెట్టు. చాక్లెట్ ముక్కను, కొయ్యముక్కను చూపి తినుబండారమును గుర్తించునేమో చూచుట మరియొకటి. రెండు అమూర్తభావముల భేదము చెప్పుట చివరిది. పుస్తకములలో చదివిన చదువుతో వీనికి పని తక్కువ. 1908లో ప్రశ్నలను వయస్సుల వారీగా అమర్చినారు.

కొలుచుట బినే దృష్టిలో సగము పనియే. ప్రత్యేక తరగతులకు ఆయన మనస్సు కసరత్తులు సూచించినాడు. వానిలో బొమ్మలాట యొకటి: ఉపాధ్యాయుడు సైగ చేయగానే పిల్లలు ఎక్కడివారక్కడ బొమ్మలవలె కదలక నిలువవలెను. కుదురుగా కూర్చొనలేని వానికి పాఠమెట్లు ఎక్కును? ముందు నిలుకడ, తరువాత పాఠము. బుద్ధి పెరుగనిదను వాదమును 1909లో ఆయన గట్టిగా ఖండించినాడు. అట్టి తరగతులకు ఫ్రాన్సులో శాసనము వచ్చినది కూడ ఆ సంవత్సరమే.

బినే 1911లో మరణించినాడు. మరుసటి యేడు జర్మనీలో స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించుట ప్రవేశపెట్టినాడు. అమెరికాలో గొడార్డ్, టెర్మన్ మొదలైనవారు ఆ లబ్ధమును పుట్టుకతో వచ్చిన మారని గుణముగా ఎంచినారు. ఆదుకొనుటకు పుట్టిన కొలబద్ద వేరుచేయు జల్లెడయైనది. కాలిఫోర్నియాలో ఇంట స్పానిషు మాట్లాడు పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి మందబుద్ధుల తరగతులలో వేసినారు. తొమ్మిదిమంది బిడ్డల పక్షమున వ్యాజ్యము నడచినది. స్పానిషులో మరల పరీక్షింపగా వారి మార్కులు బాగుగా పెరిగినవి. బిడ్డను ఇంటి భాషలో కూడ పరీక్షింపవలెనని 1970లో రాజీ కుదిరినది.