గరాజ్‌లో గోల్ఫ్: ఫిరంగి దగ్గర్నుంచి తెర దాకా

ఈ వారం చరిత్ర ముచ్చట్లలో విషయం గరాజ్. మన ఇళ్ళలో గరాజ్ అంటే కారుకి తప్ప మిగతా అన్నిటికీ చోటుండే గది కదా! సోనా మసూరి బస్తాలు, రెండో ఫ్రిజ్, చేపల వేపుడు కోసం విడిగా పెట్టుకున్న స్టవ్, ఇండియా ప్రయాణానికి తప్ప కిందికి దిగని సూట్‌కేసులు. ఈమధ్య కొందరు వీటన్నిటినీ ఓ మూలకి నెట్టేసి, ఎదురుగా తెల్లటి తెర కట్టి, నేలమీద పచ్చటి మ్యాట్ పరిచి గోల్ఫ్ సిమ్యులేటర్ పెట్టుకుంటున్నారు. 2020లో కోవిడ్ వల్ల అందరం ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఈ సరదా బాగా ఊపందుకుంది.

ఇంత డబ్బు పోసే ముందు ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "బంతి పదడుగుల దూరంలో తెరకి తగిలి కింద పడిపోతోంది. అది రెండొందల గజాలు వెళ్ళిందని ఆ పెట్టె ఎలా చెబుతుంది? నమ్మేదెలా?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ వెళితే గోల్ఫ్ కోర్సు దగ్గర కాదు, ఫిరంగుల దగ్గర తేలతాం.

గోల్ఫుకీ యుద్ధానికీ మొదట్లో పడేది కాదు. జనం విలువిద్య సాధన మానేసి ఈ ఆట వెంట పడుతున్నారని 1457లో స్కాట్లండ్ పార్లమెంటు గోల్ఫుని నిషేధించింది. తర్వాత మాత్రం యుద్ధశాస్త్రమే గోల్ఫుకి అప్పు ఇచ్చింది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త తుపాకీ గుండు వేగం కొలిచే ఉపాయం ఒకటి ప్రకటించాడు. బరువైన లోలకాన్ని వేలాడదీసి, దాంట్లోకి గుండు పేల్చి, లోలకం ఎంత ఊగిందో చూసి వేగం లెక్కకట్టడం. గుండు ఎంత దూరం పోతుందో చూడక్కర్లేదు, బయల్దేరినప్పటి వేగం తెలిస్తే చాలు. గరాజ్‌లో ఉన్న పెట్టెకి మూలసూత్రం ఇదే. గుండు తనచుట్టూ తాను తిరిగితే దారి తప్పుతుందని కూడా ఆయన గమనించాడు.

అన్నట్టు, ఈ రాబిన్స్ మన వైపుకి వచ్చినవాడే. ఈస్టిండియా కంపెనీ కోటల్ని బాగుచేయించే ఇంజనీరుగా 1750లో మద్రాసు తీరానికి వచ్చి, మరుసటి ఏడాదే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

ఈ లెక్కని గోల్ఫు బంతి దగ్గరికి తెచ్చినవాడు పీటర్ గుత్రీ టెయిట్. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1860 నుంచీ నలభై ఏళ్ళ పాటు భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. లార్డ్ కెల్విన్‌తో కలిసి పెద్ద పాఠ్యగ్రంథం రాసిన మనిషి. గోల్ఫ్ పిచ్చి ఎంతంటే, రాత్రిపూట కూడా ఆడాలని బంతులకి మెరిసే ఫాస్ఫరస్ పూశాడు. ఆటలో ఉండగా ఒక స్నేహితుడి చేతి తొడుగు అంటుకోవడంతో ఆ సరదా ఆగింది.

గాలి నిరోధం, భూమ్యాకర్షణ రెండే లెక్కవేస్తే బంతి గాలిలో అంతసేపు ఉండకూడదు. కానీ ఉంటోంది. ఎందుకు? టెయిట్ చేసిన ప్రయోగం చాలా సులువైనది. పొడవాటి టేపు ఒక కొస బంతికి తగిలించి, రెండో కొస నేలకి బిగించాడు. గజమో రెండు గజాలో దూరంలో గట్టి బంకమట్టి దిమ్మ పెట్టి, మంచి ఆటగాడి చేత బంతిని అందులోకి కొట్టించాడు. తర్వాత చూస్తే టేపు మెలికలు పడి ఉంది. అంటే బంతి వెనక్కి తిరుగుతూ పోతోంది. ఆ తిరుగుడు వల్ల బంతి పైన గాలి వేగంగా, కింద నెమ్మదిగా కదిలి, బంతిని పైకి ఎత్తి పడుతోంది. 1890లలో ఆయన దీన్ని వివరించాడు. బంకమట్టి తీసేసి తెర కట్టండి, టేపు తీసేసి కెమెరా పెట్టండి, మీ గరాజ్ తయారు.

ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ స్కాట్లండ్ అభిమానించిన ఆటగాడు. 1896లో, 1898లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. తండ్రి లెక్కని కొడుకు ఒక్క దెబ్బతో తప్పని తేల్చాడని కథ ఒకటి తిరుగుతుంటుంది, కథల్ని కథలుగానే విందాం. ఫ్రెడ్డీ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళి, 1900 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. నాటాల్ భారతీయులతో గాంధీగారు క్షతగాత్రుల్ని మోసే దళం నడిపింది ఆ యుద్ధంలోనే. కొడుకు పోయాక తండ్రి కోలుకోలేదు. 1901 జులైలో ఆయనా వెళ్ళిపోయాడు. తుపాకీ గుండు లెక్కని ఆటలోకి తెచ్చిన మనిషి కొడుకుని ఆ గుండుకే పోగొట్టుకున్నాడు.

మిగతా కథ త్వరగా చెబుతాను. ఎలక్ట్రాన్‌ని కనుక్కున్న జె. జె. థామ్సన్ 1910లో లండన్‌లో గోల్ఫు బంతి మీదే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. 2000లో కొరియాలో గోల్ఫ్‌జోన్ కంపెనీ మొదలై, అసలు మైదానానికి డబ్బు చాలని లక్షలమందిని తెర ముందు నిలబెట్టింది. 2003లో డెన్మార్క్‌లో ట్రాక్‌మ్యాన్ పుట్టింది. దాని వెనకున్న ఇంజనీరు అంతకుముందు సైనిక రాడార్ల కంపెనీలో పనిచేసినవాడు, మళ్ళీ ఫిరంగి దగ్గరికే వచ్చాం చూశారా! ఇలాంటి యంత్రం ఇరవై వేల డాలర్లు దాటేది. 2014లో రెండు వేలకి స్కైట్రాక్, 2021లో ఆరొందలకి గార్మిన్ వచ్చాయి. అప్పుడే గరాజ్ తలుపు తెరుచుకుంది.

ఇక మీ ప్రశ్నకి జవాబు. ఆ పెట్టె కొలిచేది బంతి వేగం, ఎగిరిన కోణం, తిరుగుడు. దూరం మాత్రం లెక్క. కొలత సరిగా ఉంటే లెక్కా సరిగ్గానే ఉంటుంది, కాబట్టి కొనేటప్పుడు కొలత సంగతి చూసుకోండి. రాడార్ రకం మీ వెనక ఆరేడు అడుగుల దూరంలో ఉండాలి, ముందు బంతి కొంత ఎగరాలి. చిన్న గరాజ్‌లో బంతి ఎగిరేది కాసేపే కాబట్టి తిరుగుడు దానికి సరిగా అందదు. అందుకే బంతి మీద లోహపు చుక్క అంటిస్తారు. కెమెరా రకం బంతి పక్కనే కూర్చుంటుంది, ఇరుకు చోటుకి అదే నయమని నా అభిప్రాయం.

పెట్టెకంటే ముందు కప్పు కొలవండి. తొమ్మిదడుగులు కనీసం, పది ఉంటే హాయి. ఇంట్లో అందరికంటే పొడుగువాడి చేతికి డ్రైవర్ ఇచ్చి నెమ్మదిగా ఊపమనండి. తలుపు పట్టాలు, మోటారు అడ్డొస్తే, పట్టాలు పైకి జరిపించి పక్కగోడకి బిగించే మోటారు పెట్టించుకోవచ్చు. తెరకీ గోడకీ మధ్య అడుగు ఖాళీ వదలండి, లేకపోతే బంతి తిరిగి మీ మీదికే వస్తుంది. పిల్లల్లో ఎడమచేతివాటం వాళ్ళుంటే మ్యాట్ మధ్యలో పరవండి.

ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌లో ఎత్తు, ఉష్ణోగ్రత మార్చుకునే వీలుంటుంది. డెన్వర్‌లో గాలి పలచన, బంతి దూరం పోతుంది. జనవరి చలిలో గరాజ్‌లో నిలబడి అబ్బాయి రెండొందల యాభై గజాలు కొట్టానని అరిస్తే, ముందు ఆ సెట్టింగులో ఏ ఊరు, ఎంత ఎండ పెట్టాడో చూడండి.